మణికట్టు మీద మంచుకొండ

సంక్రాంతి వెళ్ళిన వారానికి, ఒక గురువారం తెల్లవారుజామున, నెల్లూరు ఆత్మకూరు బస్టాండులో బస్సెక్కాను. చేతిసంచిలో నాలుగు అత్తరు సీసాలున్నాయి. ఒక్కొక్కటి చిటికెన వేలంత. ఒకదాని వాసన ఇంకొకదానికి అంటకుండా విడివిడిగా దూది చుట్టి, పాత స్టీలు డబ్బాలో సర్దుకున్నాను. సంగం దాటే దాకా రోడ్డుకు అటూ ఇటూ పొలాలే కనిపించలేదు. పెన్న వైపు నుంచి లేచిన తెల్లటి తెర వరిమళ్ళ మీద పరుచుకుని ఉంది. డ్రైవరు లైట్లు వేసుకుని నిదానంగా పోతున్నాడు. ముందు సీటులో పెద్దాయన శాలువా చెవుల మీదికి లాక్కుని, "మంచు బాగా పడతావుంది" అన్నాడు.

నా ప్రయాణమంతా ఆ ఒక్క మాట కోసమే. మనకు గడ్డిపరక మీది చుక్కా మంచే, దారి కనపడనివ్వని తెల్లటి పొగా మంచే, హిమాలయాల నెత్తిన పేరుకునేదీ మంచే. మూడో రకం మంచును నేను బొమ్మల్లో తప్ప చూడలేదు. కానీ ఏడాదిగా దాని వాసన వెంట తిరుగుతున్నాను. చలిదేశాల్లో పరిమళ తైలాలు కలిపేవాళ్ళకు మంచు కురిసిన అడవి అంటే ప్రాణం. దేవదారు, పైను, ఫర్ చెట్ల తైలాలకు కొంచెం సాంబ్రాణి, కొంచెం పుదీనా చేర్చి, చలి పుట్టించే వాసన ఒకటి తయారు చేస్తారు. నీరు గడ్డ కడితే దానికంటూ పెద్దగా వాసన ఉండదు. మరి సీసాలో చలి ఎక్కడి నుంచి వస్తోంది? వేసవిలో మనుషులు మాడిపోయే ఉదయగిరి బండల మీద, నా ఒంటి మీద, అది నిలుస్తుందా? ఈ రెండూ తేల్చుకుందామని బయలుదేరాను.

మొదటి సీసాలో దేవదారు తైలం. ఒక స్నేహితురాలు కిందటేడు సిమ్లా నుంచి తెచ్చిచ్చింది. రెండోది పరంగి సాంబ్రాణి తైలం, ఒమన్ సరుకు. మూడోది ఒక దుకాణంవాళ్ళు మంచుటడవి పేరు పెట్టి అమ్ముతున్న కలగలుపు. నాలుగోది రూహ్ ఖస్, అంటే మన వట్టివేళ్ళ సారం, హైదరాబాదులో చార్మినారు దగ్గర కొన్నది. చలి వాసనల పోటీలో వట్టివేరుకేం పని అని అడగొచ్చు. తడిపిన వట్టివేళ్ళ తడిక వాకిలికి కట్టుకుని ఎండాకాలాలు గడిపిన ఇళ్ళల్లో పుట్టిన నాకు, చలువ అన్న మాటకు మొదటి వాసన అదే.

ఆత్మకూరులో మా పిన్ని ఇంట్లో దిగి, కాఫీ తాగి, పని మొదలుపెట్టాను. ఎడమ మణికట్టు మీద దేవదారు, కుడి మణికట్టు మీద సాంబ్రాణి, ఎడమ మోచేతి మడతలో కలగలుపు, కుడి మడతలో ఖస్. సీసా కడ్డీతో ఒక్కో చుక్క. అత్తరుకు అంతకుమించి అక్కర్లేదు. సారాయి కలిసిన సెంటులాగా ఇది గదంతా పాకదు. ఒంటిని పట్టుకుని, ఒంటి వేడికి కొంచెం కొంచెం లేస్తుంది. దగ్గరికొచ్చినవాళ్ళకే తెలుస్తుంది. నాకు అత్తరు నచ్చడానికి సగం కారణం ఆ మర్యాదే.

పిన్ని కాఫీ గ్లాసు తీసుకోవడానికి వంగి, ముక్కు ఎగబీల్చి, "ఏందిమ్మే, అమృతాంజనం రాసుకోనుండావా? తలనొప్పా?" అంది.

మూడో సీసా గుట్టు అక్కడ తేలిపోయింది. కాశీనాథుని నాగేశ్వరరావు గారు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన ఆ పసుపుపచ్చ మందు మూత తీస్తే వచ్చే చల్లటి ఘాటుకు మూలం కర్పూరం, పిప్పరమెంటు పువ్వు. మన చర్మం కింది నరాల్లో చలిని కనిపెట్టే గ్రాహకం ఒకటుంది. చల్లటి నీళ్ళు తగిలితే అది లేస్తుంది, పిప్పరమెంటు పువ్వు తగిలినా అదే లేస్తుంది. రెంటికీ తేడా దానికి తెలియదు. 2002లో బయటపడిన ఈ సంగతిలో ప్రధాన పాత్ర డేవిడ్ జూలియస్‌ది. స్పర్శ, ఉష్ణోగ్రతల గ్రాహకాలను వెలికితీసినందుకు ఆయనకు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. అంటే మంచుటడవి సీసాలోని చలి ముక్కు కనుక్కున్నది కాదు, నరం పొరబడినది. మా పిన్నికి ఈ శాస్త్రమేమీ అక్కర్లేదు. ఆమె ఒక్క పీల్పుతో చెప్పేసింది. గంట తిరక్కుండానే ఆ చలి ఎగిరిపోయి, మోచేతి మడతలో తియ్యటి కస్తూరి నకలు ఒకటి మిగిలింది. దాని మీద నాకు మళ్ళీ ఆశ పుట్టలేదు.

సాంబ్రాణి మాత్రం నన్ను ఆశ్చర్యపెట్టింది. నిప్పుల మీద వేసిన సాంబ్రాణి మనకు తెలుసు, తలంటుకున్న జుట్టుకు పట్టే పొగ. కాల్చకుండా, ఆవిరి పట్టి తీసిన పరంగి సాంబ్రాణి తైలం ఆ పొగలాగా ఉండదు. ముందు నిమ్మతొక్క గిల్లినట్టు, వెంటనే ఎవరో పైను కొమ్మ విరిచినట్టు, దాని వెనక నున్నటి చల్లటి రాయిలాగా ఉంటుంది. నీటిచుక్కకు మొహం వాచిన ఒమన్ రాతినేలల్లో పెరిగే చెట్టు బంక అది. దానికి మంచుటడవి వాసన రావడానికి కారణం పైనీన్ అనే పదార్థం. పైను ఆకుల్లో ఏదైతే ఉందో అదే ఈ బంకలోనూ ఉంది. ఎడారీ మంచుకొండా ఒకే వాసనను పంచుకున్నాయి. ఈ చెట్టు చుట్టాలు మన కొండల్లోనూ ఉన్నాయి. అందుగు చెట్టుంది, తూర్పు కనుమల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా పుట్టని కొండ సాంబ్రాణి ఉంది. తిరుమల కొండెక్కేవాళ్ళు చాలామంది ఆ చెట్టు పక్కగానే, దాని పేరు తెలియకుండానే నడిచిపోతారు.

సాయంత్రం అనుమసముద్రంపేటకు ఆటోలో పోయాను. అందరూ ఏఎస్ పేట అంటారు. ఖాజా రహమతుల్లా నాయబ్ రసూల్ దర్గా ఉన్న ఊరు. గురువారం కాబట్టి జనం కిటకిటలాడుతున్నారు. మనసు చెదిరిన బిడ్డలను తీసుకొచ్చిన తల్లులు, మొక్కు తీర్చుకోవడానికి వచ్చిన రెడ్లు, నాయుళ్ళు, కడప వైపు నుంచి వచ్చిన సాయిబులు, అందరూ ఒకే వరసలో ఉన్నారు. ఏటా ఇక్కడ జరిగే గంధ మహోత్సవానికి ఊరు పట్టదు. పండగ పేరులోనే గంధం ఉంది. ఏదో ఒక వాసన లేకుండా ఈ గడపకు ఎవరూ రారు. గులాబీ రేకులు, ఊదు పొగ, చెమట, కొబ్బరి, కొత్త చాదరు బట్ట వాసన. అన్నీ కలిసి అక్కడ గాలి చిక్కగా, చేత్తో పట్టుకోవచ్చేమో అన్నట్టుంది. నా చేతి మీది నాలుగు చుక్కలూ ఆ గాలిలో కలిసిపోయాయి.

అత్తరు కొట్టు దగ్గర ఆగాను. ముసలాయన. గడ్డానికి గోరింటాకు రంగు. ముందు నా చెయ్యి చూడకుండానే, "ఖస్ పూసుకొచ్చినావా అమ్మా?" అన్నాడు.

అవునన్నాను.

"చలికాలం ఖస్ పూయగూడదు. జలుబు జేస్తది. అది ఠండా. ఎండాకాలం ఖస్సు, మిట్టీ, గులాబు. చలికాలం శమామా, ఊదు, అంబరు. అవి గరం. కాలానికి ఎదురు పూయాల."

కొంచెం దూది తీసి, రెండు వేళ్ళతో పింజెలాగా నలిపి, శమామాలో ముంచి నా అరచేతిలో పెట్టాడు. మగవాళ్ళు దాన్ని చెవి మడతలో పెట్టుకుంటారు. నేను చీర కొంగు చివర ముడి వేసుకున్నాను. కనౌజ్‌లో పూలనూ వేళ్ళనూ రాగి డేగులో ఉడికించి, ఆవిరిని వెదురు గొట్టం గుండా చందన తైలంలోకి దింపుతారు. శమామా అలా చాలా దినుసులతో, రోజుల తరబడి దిగే అత్తరు. ఆ దినుసుల్లో మనం బిర్యానీలో వేసే రాతిపువ్వు ఉంటుంది. జటామాంసి ఉంటుంది. జటామాంసి ఎక్కడ పెరుగుతుంది? హిమాలయాల్లో, చెట్లు ఆగిపోయి గడ్డి మొదలయ్యే ఎత్తుల్లో, ఏడాదిలో సగం మంచు కింద. మా అమ్మమ్మ కొబ్బరినూనెలో కాచి తలకు రాసుకున్నది ఆ వేరే. మంచు కింద పుట్టిన వేరు ముసలాయన లెక్కలో గరం. చూడబోతే ఆయుర్వేదమూ దేవదారును ఉష్ణవీర్యమంటుంది, వట్టివేరును శీతవీర్యమంటుంది. మంచులో బతికే చెట్టు తనలో వేడి దాచుకుంటుందనీ, ఎండలో బతికే గడ్డి తన వేరులో చలువ దాచుకుంటుందనీ మనవాళ్ళు తలచారు. చలిదేశాలవాళ్ళు చలికాలంలో చలి వాసనే పూసుకుని చలిలోకే పోతారు. మనవాళ్ళు కాలానికి ఎదురు పూస్తారు. నాకు ముసలాయన మాటే నచ్చింది. అయినా నేను వచ్చింది చలి కోసం.

రాత్రి పిన్ని ఇంట్లో దుప్పటి కప్పుకుని మళ్ళీ చేతులు వాసన చూసుకున్నాను. పద్నాలుగు గంటలు గడిచాయి. సాంబ్రాణి పోయింది. పైనీన్ లాంటివి తేలిక, ముందు వచ్చి ముందు పోతాయి. ఖస్ మట్టివాసనగా మారి ఇంకా ఉంది. దేవదారు మాత్రం పొద్దున కంటే ఇప్పుడే బాగుంది. పొద్దున పాత చెక్కపెట్టె తెరిచినట్టు కొంచెం ముక్కిన వాసన వేసింది. ఇప్పుడది పోయి, నెయ్యి తగిలిన కట్టెలాగా మెత్తబడింది. దాని అడుగున, పుదీనా ఇచ్చే గిచ్చుడు చలి కాకుండా, తలుపు తీసి ఉన్న గుడిలో అడుగుపెట్టినప్పుడు పాదానికి తగిలే చల్లదనం ఉంది. దేవదారు తైలాన్ని ఎక్కువసేపు నిలిపే బరువైన పదార్థాలకు రసాయన శాస్త్రం పెట్టిన పేరు హిమాచలీన్లు. మంచుకొండ పేరే పెట్టారు.

శుక్రవారం పొద్దున ఉదయగిరి బస్సు. పడమరగా పోతున్నకొద్దీ వరి వెనకబడి, కంపచెట్లు, ఎర్రనేల, గొర్రెల మందలు మొదలవుతాయి. వెలిగొండల గీత ముందు నీలంగా, తర్వాత గోధుమగా మారుతుంది. ఊరి నెత్తి మీదే కొండ, సముద్ర మట్టానికి 3,079 అడుగులు. ఇక్కడిదాకా వచ్చి ఎర్రచందనం మాట ఎత్తకుండా పోలేను. దక్షిణ తూర్పు కనుమల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగని చెట్టు. దాని కోసం ప్రాణాలు పోయాయి, జైళ్ళు నిండాయి. ఆ చేవకు వాసన లేదు. చందనమని పేరే గానీ, అరగదీస్తే వచ్చేది రంగు మాత్రమే. పరిమళం వెంట వచ్చినదానిగా ఆ చెట్టు ముందు నాకు ఏమీ తోచలేదు. దాని ఎరుపునైనా చూసి, నరకకుండా వదిలేసి ఉంటే బాగుండేదనిపించింది.

కొండ దారి సగం దాకా ఎక్కాను. ఈ దుర్గాన్ని గజపతుల నుంచి గెలవడానికి కృష్ణదేవరాయలకు ఏడాదిన్నర పట్టింది. 1513లో ముట్టడి, 1514లో గెలుపు. ఒక్కొక్కరే నడిచేంత ఇరుకైన దారి తప్ప మరోటి లేకపోతే, బండలు పగలగొట్టించి సైన్యానికి బాట వేయించాడని పోర్చుగీసు వ్యాపారి న్యూనిజ్ రాశాడు. ఇక్కడి బాలకృష్ణుడిని రాయలు హంపీకి తీసుకుపోయి, 1515లో గుడి కట్టి నిలిపాడు. పైన గోల్కొండ అబ్దుల్లా కుతుబ్ షా కాలం నాటి మసీదూ ఉంది. ఎక్కేకొద్దీ ఎండ చురుక్కుమంది. ఒక పెద్ద బండ నీడలో కూలబడి, వెన్ను రాతికి ఆనించి, దేవదారు మళ్ళీ ఒక చుక్క రాసుకున్నాను.

చుక్క రాసుకుంటుంటే ప్రవరుడు గుర్తుకొచ్చాడు.

ఇంత దగ్గర చుట్టరికం నాకు అంతకుముందు తట్టలేదు. పెద్దన తన మనుచరిత్రలో రాయల విజయాలను చెప్పేటప్పుడు మొదలుపెట్టేది ఈ కొండతోనే. అదే కావ్యంలో సిద్ధుడొకడు ప్రవరుడనే బ్రాహ్మణ గృహస్థు కాళ్ళకు లేపం పూస్తాడు. పూసిన మరుక్షణం ఆయన మంచుకొండల్లో ఉంటాడు. ఒంటికి పూసుకున్న తైలం మనిషిని హిమాలయాలకు తీసుకుపోవడం! చలిదేశాల సీసాలు చెప్పుకునే గొప్పంతా అదే కదా. ఐదువందల ఏళ్ళ కిందట మన పెద్దన ఆ పని చేశాడు, పైగా దానిలోని లోపాన్నీ పట్టుకున్నాడు. ఏ మంచు కోసం లేపం పూసుకున్నాడో ఆ మంచే కరిగి లేపాన్ని కడిగేసింది. ప్రవరుడు ఇల్లు చేరలేక చిక్కుకుపోయాడు. దారి తెలియక తిరుగుతున్నప్పుడు ఆ కొండల్లో మనుషులున్నారని ఆయనకు తెలిపిందేది? మళ్ళీ వాసనే. కస్తూరీ కర్పూరమూ కలిసిన తాంబూలపు వాసన గాలిలో వచ్చింది. మంచు మధ్య వెచ్చటి నోటి వాసన. ఈ పద్యాలు బడిలో చదివాను, పరీక్ష రాశాను. ఉదయగిరి బండ మీద కూర్చుని చేతిని ముక్కు దగ్గర పెట్టుకున్న రోజున గానీ అది పరిమళాల కథ అని నాకు తెలియలేదు.

ఆ ఎండలో దేవదారు ఎంత విప్పారిందో చెప్పాలి. ఆత్మకూరులో పొద్దున చలికి ముడుచుకుని, రాత్రి దాకా సమయం తీసుకున్న వాసన, ఇక్కడ వేడెక్కిన చర్మం మీద పది నిమిషాల్లో పూర్తిగా తెరుచుకుంది. చెమట పట్టిన మెడ, ఎండిన బోదగడ్డి వాసన, కాలిన రాయి, వాటి నడుమ మణికట్టు దగ్గర ఒక చల్లటి జానెడు చోటు. చలిలో ఈ తైలం ఇంత చల్లగా లేదు. చలి తైలాలు పూసుకోవడానికి చలిదేశం అక్కర్లేదని, ఎండే వాటికి సరైన చోటని నాకు గట్టిగా అనిపించింది. ముసలాయన కాలానికి ఎదురు పూయమన్నది ఇదే.

కొండ దిగి, చెక్క చెంచాలు చేసే వీధికి పోయాను. ఉదయగిరి కొయ్య చెంచాలు భౌగోళిక గుర్తింపు పొందిన పనితనం. చేసేవాళ్ళలో ముస్లిం ఆడవాళ్ళే ఎక్కువ. ఒక ఇంటి అరుగు మీద ఒకామె కాలి బొటనవేలికీ రెండో వేలికీ మధ్య చెంచా కాడను బిగించి, ఆకురాయితో రుద్దుతోంది. కాడ చివర పూలజడలాంటి చెక్కడం. రంధ్రాలు గోరంత కూడా లేవు. ఒళ్ళో పొట్టు రాలుతోంది.

"ఏం కొయ్య అక్కా ఇది?"

"ఇది నర్ది. అది బిక్కి. కల్ది, పాలబరికి కూడా వాడతాం." ఒక్కొక్కటీ తీసి చూపించింది. తెల్లటివి, పసుపుపచ్చవి, వాసన లేనివి. తర్వాత గోడవార సంచిలోంచి ముదురు గోధుమరంగు ముక్క ఒకటి తీసి, "ఇది దేవదారి" అంది.

నేను ఆ ముక్క అందుకుని రెండు అరచేతుల మధ్య గట్టిగా రుద్దాను. ముక్క మీద నూనె తడి మెరిసింది. వాసన నెమ్మదిగా లేచింది. చందనానికి చిన్నచెల్లెలు లాంటిది. తీపి తక్కువ, మిరియపు పొడిదనం కొంచెం, ఆరిన బెల్లపు పాకం అడుగున కొంచెం.

హిమాలయాల దేవదారు సూదులాకుల మహావృక్షం. వెలిగొండల దేవదారి గుబురుగా, ఎండకు ఓర్చి, రాళ్ళ సందుల్లో పెరిగే చిన్న చెట్టు. రెంటికీ ఏ చుట్టరికమూ లేదు. మనదానికి దగ్గరి బంధువు ఎక్కడో దక్షిణ అమెరికాలో పెరిగే కోకా మొక్క. కానీ చేవ వాసన చూసిన మనవాళ్ళు దీన్నీ దేవతల కట్టె అనే పిలిచారు. దక్షిణాది నాటుమందుల్లో దేవదారు అంటే చాలా చోట్ల ఇదే. దీని చేవలో దొరికిన ఒక పదార్థానికి శాస్త్రవేత్తలు దేవదారోల్ అని పేరు పెట్టారు. అక్కడ హిమాచలీన్, ఇక్కడ దేవదారోల్. సంస్కృతంలో దారు అంటే కట్టె. అరబ్బీలో ఊద్ అన్నా కట్టే. వాసన వచ్చే కట్టె దొరికినచోటల్లా మనిషి దాన్ని ఉత్త కట్టె అనే పిలిచాడు, మిగతావాటికే వేరే పేర్లు వెతుక్కున్నాడు.

"నీ చేతికేంది ఆ వాసన?" అంది ఆమె. మణికట్టు చాపాను. కళ్ళు మూసుకుని, చాలాసేపు, కొయ్య పనిచేసేవాళ్ళు చూసినట్టు చూసింది.

"కొయ్యదే. ఏం కొయ్య?"

"దేవదారు."

"కాదు. మా దేవదారి ఎట్టుంటదో నాకు తెలవదా?"

"హిమాలయాల్లో ఉంటుంది. మంచు పడే చోట."

ఆమె సీసా తీసుకుని, తన ముక్క మీద ఒక చుక్క వేసి, వేలితో పాముకుని, మళ్ళీ చూసింది. "ఇది తడి. మాది ఎండ" అంది. ఏడాదిగా నేను కాగితాల మీద రాసుకున్న పోలికలన్నిట్లో ఇంత కచ్చితమైన మాట లేదు. రెండు వాసనలూ ఆ ముక్క మీద కలిశాయి గానీ ఒకటి కాలేదు. చల్లటి తీపి ముందు, పొడి మిరియం వెనక. ఆమె కూతురు, బడి నుంచి వచ్చినట్టుంది, యూనిఫాంలోనే వచ్చి అమ్మ చేతిలోంచి ముక్క లాక్కుని వాసన చూసి, "ఐస్‌క్రీం పెట్టెలో అగరొత్తి ముట్టించినట్టుండాది" అంది. మూడో సీసావాళ్ళు కూడా అదే కదా చెప్పాలనుకున్నది, అనిపించింది.

దేవదారు సీసా అక్కడే వదిలి వచ్చాను. ఆమె వద్దంది, పిల్ల కావాలంది. బదులుగా నాకు రెండు చెంచాలు, దేవదారి పొట్టు ఒక గుప్పెడు, పాత నోటుబుక్కు కాగితంలో పొట్లం కట్టి ఇచ్చింది. చెంచాల డబ్బు తీసుకుంది, పొట్టుకు తీసుకోలేదు.

తిరుగు బస్సు ఎక్కేసరికి చీకటి పడింది. మణికట్టు మీద వాసన సన్నగిల్లింది. కొంగు ముడిలోని శమామా మాత్రం అప్పుడప్పుడు లేస్తోంది. ఒళ్ళో పొట్లం విప్పి, పొట్టులో వేళ్ళు పెట్టుకుని కూర్చున్నాను. ఆత్మకూరు దగ్గరపడుతుంటే కిటికీలోంచి తడి గాలి వచ్చి మొహానికి కొట్టింది. గడ్డి, బురద, ఎక్కడో వంటచెరకు పొగ.

"మంచు దిగతావుంది, అద్దం ముయ్యమ్మా" అంది వెనక సీటామె.

సగం మూశాను.